ఆఫీసు కుర్చీకి స్ప్రింగు టిల్ట్ సొంతంగా చేసుకుంటే: ఎంత గట్టి స్ప్రింగు, ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే ఒకాయన మధురవాడ, రుషికొండ వైపు ఆఫీసులకి కుర్చీలు చేసిస్తున్నారు. వెనక్కి వాలే మెకానిజం బయట కొనకుండా తామే చేద్దామని బైకు వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగుతో ఒక నమూనా కట్టారు. స్ప్రింగు బోల్టు పివట్ పిన్నుకి (సీటు దాని చుట్టూ వాలే ఇరుసుకి) 40 మి.మీ. ముందుంది. స్ప్రింగుని 10 మి.మీ. నొక్కితే తూకం 25 కిలోలు చూపించింది. కూర్చున్న మనిషి వెనక్కి పడకుండా నిటారుగా ఆగాలంటే నట్టు 50 మి.మీ. పైనే బిగించాల్సి వస్తోంది. అలా బిగించాక మొదట అసలు కదలదు, కాస్త గట్టిగా నెడితే ఒక్కసారిగా వెనక్కి పడిపోతుంది. "ఇంతకంటే గట్టి స్ప్రింగు వెయ్యాలా, నట్టు ఇంకా బిగించాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండూ వద్దు. స్ప్రింగుని పివట్‌కి 40 మి.మీ. నుంచి 90 మి.మీ. దూరానికి జరపండి, నట్టు సగానికి పైగా వదులు చెయ్యండి. మీ చేతిలో ఉన్న ఆ పాత స్ప్రింగుతోనే జబ్బు చాలావరకు తగ్గుతుంది. అమ్మకానికి చేసే కుర్చీకి మాత్రం పాత బైకు స్ప్రింగు పనికిరాదు. దానికి కొత్తది చుట్టించాలి, కొలతలు కింద ఇస్తున్నాను.

ఎందుకో చూద్దాం. టిల్ట్ స్ప్రింగుకి రెండు పనులుంటాయి. మనిషి నిటారుగా కూర్చున్నప్పుడు అతని బరువుని ఆపడం ఒకటి. ఇది నట్టు బిగింపుతో, అంటే ముందస్తు నొక్కుడుతో వస్తుంది. వాలే కొద్దీ పెరిగే బరువుకి సమానంగా తానూ పెరగడం రెండోది. ఇది స్ప్రింగు గట్టిదనంతోనూ, అది పివట్‌కి ఎంత దూరంలో ఉందన్నదానితోనూ వస్తుంది. నట్టు ఎంత తిప్పినా ఈ రెండో పని జరగదు. మీ నమూనాలో మొదటిది మరీ ఎక్కువైంది, రెండోది దాదాపు లేదు. అందుకే మొదట మొండికేసి, తర్వాత ఒక్కసారిగా జారిపోతోంది.

బరువు ఎంత పెరుగుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మనిషి బరువులో తల, చేతులు, మొండెం కలిపి మూడింట రెండొంతులు. 75 కిలోల మనిషికి అది 51 కిలోలు, అంటే సుమారు 500 న్యూటన్లు. ఈ భాగం బరువు కేంద్రం తుంటి కీలుకి దాదాపు 300 మి.మీ. పైన ఉంటుంది. తుంటి కీలేమో నొక్కుకున్న సీటుకి 90 మి.మీ. పైన. సీటుకి పివట్ 50 మి.మీ. కింద అనుకుంటే, వీపు వాలు వల్ల తగ్గే ఎత్తుని తీసేస్తే, బరువు కేంద్రం పివట్‌కి 437 మి.మీ. పైన వస్తుంది. అడ్డంగా చూస్తే తుంటి పివట్‌కి 80 మి.మీ. వెనక, వీపు వాలు వల్ల ఇంకో 40, మొత్తం 120 మి.మీ. వెనక.

నిటారుగా ఉన్నప్పుడు 500 × 0.120 = 60 న్యూటన్ మీటర్లు వెనక్కి లాగుతుంది. పివట్‌కి ముందున్న తొడల బరువు ఒక 8 తగ్గిస్తుంది. మిగిలేది 52. ఇప్పుడు కుర్చీని 15 డిగ్రీలు వాల్చండి. అదే బరువు కేంద్రం 229 మి.మీ. వెనక్కి వెళ్తుంది, లాగుడు 114 దాటుతుంది. తొడల సాయం కూడా తగ్గి 5కి పడిపోతుంది కాబట్టి నికరంగా 109. అంటే 15 డిగ్రీల్లో 52 నుంచి 109కి, రెట్టింపు పైన. అరచేతి మీద కర్ర నిలబెడితే ఒరిగే కొద్దీ ఇంకా వేగంగా ఒరుగుతుంది కదా, అదే సంగతి.

కాబట్టి స్ప్రింగు కూడా ఈ 15 డిగ్రీల్లో తన తిప్పుడు బలాన్ని 57 న్యూటన్ మీటర్లు పెంచుకోవాలి. మీ స్ప్రింగు గట్టిదనం మి.మీ.కి 24.5 న్యూటన్లు. 40 మి.మీ. దూరంలో అది 15 డిగ్రీలకి పెంచేది 10 మాత్రమే. కావాల్సింది 57, ఉన్నది 10. మిగతా 47 న్యూటన్ మీటర్ల బరువు మనిషిని వెనక్కి తోసేస్తోంది. అదే స్ప్రింగుని 90 మి.మీ.కి జరిపితే 52 పెరుగుతుంది.

దూరం వర్గంలో పనిచేస్తుంది. పివట్ నుంచి దూరం రెట్టింపైతే బలమూ రెట్టింపే, నొక్కుకునే పొడవూ రెట్టింపే. అందుకే వాలుకి ఎదురుపడే గట్టిదనం నాలుగు రెట్లవుతుంది. 40 నుంచి 90కి వెళ్తే అయిదు రెట్లు. స్ప్రింగు కొట్టుకి వెళ్లేముందు టేపు తీసుకుని ఈ ఒక్క దూరం చూసుకుంటే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. నట్టు బిగింపు కూడా 53 మి.మీ. నుంచి 24కి తగ్గుతుంది, ఎందుకంటే అదే 52 న్యూటన్ మీటర్లకి ఇప్పుడు తక్కువ బలం చాలు.

ఇక్కడో మాట. బైకు స్ప్రింగు పొడవుగా ఉందని కోసేవాళ్లున్నారు. చుట్లు సగానికి కోస్తే గట్టిదనం రెట్టింపవుతుంది, ఆ లెక్క నిజమే. కానీ గ్యాసుతో కోస్తే ఆ చివర ఉక్కుకి పట్టిన పదును, అంటే గట్టితనం, పోతుంది. కోసిన చివర చదునుగా ఉండదు కాబట్టి స్ప్రింగు పక్కకి వంగి బోల్టుని రాసుకుంటుంది. నమూనాకి కోసుకోండి, అమ్మే కుర్చీకి వద్దు.

చుట్టించుకోవాల్సిన స్ప్రింగు

గట్టిదనం మి.మీ.కి 31 న్యూటన్లు ఉండాలి. ఖచ్చితంగా సరితూగేది 27, కానీ సరిగ్గా సరితూగితే కుర్చీ ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది, తిరిగి లేవదు. 15 శాతం ఎక్కువ పెడితే మెల్లగా తనంతట తానే నిటారుకి వస్తుంది. వాడేవాళ్లు "బాగుంది" అనేది ఈ గుణాన్నే.

కొలతలు ఇవి: వైరు 7 మి.మీ., సగటు వ్యాసం 45 (బయట 52, లోపల 38), పనిచేసే చుట్లు 8.3, మొత్తం 10.3, వదులుగా ఉన్నప్పుడు పొడవు 130 మి.మీ., రెండు చివర్లూ మూసి గ్రైండింగ్ చేసినవి. సరిచూసుకోవాలంటే: 78,500 × 7⁴ ని, 8 × 45³ × 8.3 తో భాగించండి. 31 వస్తుంది. వైరు మందం నాలుగో ఘాతంలో ఉందని గమనించండి. చుట్టేవాళ్లు "7 లేదు సార్, 6.5 వేసేస్తాం" అంటే గట్టిదనం 31 నుంచి 23కి పడిపోతుంది. ఒప్పుకోకండి, లేదా చుట్లు తగ్గించి మళ్లీ లెక్క వేయించండి.

110 కిలోల మనిషి పూర్తిగా వాలినప్పుడు ఈ స్ప్రింగు మీద 1,576 న్యూటన్లు పడతాయి, 51 మి.మీ. నొక్కుకుంటుంది, 79 మి.మీ. పొడవు మిగులుతుంది. చుట్లు ఒకదానికొకటి తగిలే పొడవు 72. ఆ 7 మి.మీ. ఖాళీ తప్పనిసరి. చుట్టు లోపలి వైపు ఎక్కువ పడే ఒత్తిడిని (వంపు దిద్దుబాటు) కూడా కలుపుకుంటే వైరులో ఒత్తిడి చదరపు మి.మీ.కి 650 న్యూటన్లు. రోజూ వందల సార్లు వాలే వస్తువు కాబట్టి ఇది వైరు తన్యత బలంలో (లాగితే తెగే బలంలో) 45 శాతం దాటకూడదు. అంటే టెస్ట్ సర్టిఫికెట్‌లో 1,450 పైన ఉన్న స్ప్రింగు వైరే అడగాలి. సర్టిఫికెట్ లేని వైరుతో చుట్టిన స్ప్రింగు మొదట బాగానే ఉంటుంది, కొన్ని నెలలకి కుంగుతుంది. అప్పుడు వాడేవాళ్లు నాబ్ (నట్టు బదులు చేత్తో తిప్పేది) ఇంకా బిగిస్తారు, చుట్లు తగులుతాయి, చివరికి విరుగుతుంది. రిపేరుకొచ్చే కుర్చీల్లో విరిగిన స్ప్రింగులు ఎక్కువగా ఈ దారినే వస్తాయి.

స్ప్రింగు చేతికొచ్చాక షెడ్డులోనే పరీక్షించుకోవచ్చు. డ్రిల్లింగ్ మెషీన్ టేబుల్ మీద బరువు తూచే బాత్రూమ్ తూకం పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్‌కి ఒక చదును బిళ్ల బిగించి కిందికి నొక్కండి. మొదటి 10 మి.మీ. లెక్కలోకి తీసుకోకండి, చివరి చుట్లు సర్దుకుంటాయి. 10 నుంచి 20 మి.మీ. మధ్య తూకం 31 లేదా 32 కిలోలు పెరగాలి. 28 వస్తే వైరు సన్నం లేదా చుట్టు ఎక్కువ. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, స్ప్రింగు జారితే ఎటు పోతుందో చెప్పలేం.

అమరిక

బాడీ అంటే కాలమ్ (సీటుని ఎత్తి దించే గ్యాస్ లిఫ్ట్ ఉన్న మధ్య స్తంభం) మీద కూర్చునే పెట్టె. దాని మీద సీటు ప్లేటు పివట్ పిన్నుతో వేలాడుతుంది. సీటు ప్లేటు ముందు అంచు నుంచి ఒక పొడవాటి ఎం12 బోల్టు బాడీ రంధ్రం గుండా కిందికి దిగుతుంది. స్ప్రింగు బాడీ కింద ఆ బోల్టు చుట్టూ ఉంటుంది, దాని కింద గిన్నె లాంటి వాషరు, ఆ కింద నాబ్. మనిషి వాలితే ముందు అంచు లేస్తుంది, బోల్టుని పైకి లాగుతుంది, స్ప్రింగు బాడీకి, నాబ్‌కి మధ్య నలుగుతుంది. బజారులో దొరికే మామూలు టిల్ట్‌లు చాలావరకు ఇవే.

పివట్‌ని కాలమ్ మధ్యకి 30 నుంచి 35 మి.మీ. ముందు పెట్టండి. సరిగ్గా పైన పెడితే గ్యాస్ లిఫ్ట్ కొన పిన్నుకి తగులుతుంది, బటన్ నొక్కే లివరుకి చోటుండదు.

బోల్టు విషయంలో అందరూ దాని మందం గురించే ఆలోచిస్తారు. 1,576 న్యూటన్లంటే ఎం12కి లెక్కలోది కాదు. ఇబ్బంది వంపుతో వస్తుంది. 15 డిగ్రీలు తిరిగేసరికి ముందు అంచు పైకి 23 మి.మీ. లేవడమే కాక వెనక్కి 3 మి.మీ. జరుగుతుంది, ప్లేటు కోణం కూడా మారుతుంది. బోల్టు తలని ప్లేటుకి వెల్డ్ చేస్తే వాలిన ప్రతిసారీ బోల్టు వంగుతుంది, మొదటి మర దగ్గర పగులు మొదలై ఒకరోజు తెగుతుంది. బోల్టు పైచివర 10 మి.మీ. అడ్డ పిన్ను మీద ఊగేలా ఉండాలి, బాడీలో గుండ్రని రంధ్రం బదులు ముందు వెనకలుగా 14 × 22 స్లాటు ఉండాలి. స్ప్రింగు పైచివర ఆ స్లాటులోకి దిగిపోకుండా 5 మి.మీ. బిళ్ల పెట్టండి. గిన్నె వాషరు అడుగు కాస్త గోళాకారంగా ఉంటే నాబ్ ఒకవైపు నొక్కుకోదు.

మర పొడవు ఇంకో ముఖ్యమైన సంగతి. స్ప్రింగు పూర్తిగా వదులయ్యాక కూడా నాబ్‌కి ఇంకా నాలుగైదు చుట్లు మర మిగలాలి. లేకపోతే నాబ్ ఊడే క్షణానికి స్ప్రింగులో ఇంకా బలం ఉంటుంది, కింద పడుకుని విప్పుతున్న మనిషి ముఖం మీదకి వస్తుంది. బోల్టు చివర ఒక కాటర్ పిన్ను వేస్తే ఇంకా నిశ్చింత.

నాబ్ తిరిగే దూరం కూడా లెక్క ప్రకారమే. 50 కిలోల వారికి స్ప్రింగు 12.5 మి.మీ. నొక్కి ఉండాలి, 110 కిలోల వారికి 27. తేడా 15 మి.మీ. లోపు, ఎం12 మామూలు మరకి ఎనిమిదిన్నర చుట్లు. నాబ్ వ్యాసం 50 మి.మీ., మధ్యలో ఒక ప్లాస్టిక్ వాషరు, మరకి లిథియం గ్రీజు ఉంటే ఆడవాళ్లయినా, పెద్దవాళ్లయినా వంగి తిప్పుకోగలరు. గ్రీజు లేని నాబ్‌ని ఎవరూ తిప్పరు, కుర్చీ బాగోలేదని మీకు ఫోను చేస్తారు.

పివట్ పిన్ను 14 మి.మీ. ఈఎన్8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) చాలు. బుష్ (పిన్ను తిరిగే గొట్టం ముక్క) మాత్రం ఆలోచించి వెయ్యండి. నైలాన్ 6 బుష్ చౌక, కానీ గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. విశాఖ తేమకి పిన్ను పట్టేస్తుంది, లేదా పట్టకుండా ముందే వదులుగా వేస్తే ఎండాకాలం ఏసీ గదిలో గలగలలాడుతుంది. డెల్రిన్ (తేమ అంతగా పీల్చని గట్టి ప్లాస్టిక్) లేదా నూనె పట్టిన కంచు బుష్ వాడండి. రెండు బుష్‌ల మధ్య దూరం 120 మి.మీ.కి తగ్గకూడదు. ఆ దూరంలో అర మి.మీ. ఆట (వదులు) ఉంటే 600 మి.మీ. పైనున్న వీపు పైఅంచు దగ్గర రెండున్నర మి.మీ. పక్కకి ఊగుతుంది. కొనేవాళ్లు మొదట చేసే పని వీపు పట్టుకుని పక్కలకి ఊపి చూడటమే.

బాడీ, సీటు ప్లేటు 3 మి.మీ. షీటు. (స్టీల్‌ప్లాంటు మన ఊళ్లోనే ఉన్నా అక్కడ వచ్చేది రాడ్లు, వైర్ రాడ్, స్ట్రక్చరల్స్. షీటు వేరే మిల్లులది, డీలరు దగ్గరే తీసుకోవాలి.) స్ప్రింగు నొక్కే ముందు భాగానికి 5 మి.మీ. అతుకు వెయ్యండి, అంచులు 20 మి.మీ. కిందికి మడవండి. పగుళ్లు వచ్చేది ఎప్పుడూ స్లాటు మూల నుంచి, లేదా వెల్డు ఆగిన కొస నుంచి. స్లాటు మూలలు గుండ్రంగా ఫైలు చేయండి, వెల్డుని అంచు దాకా తీసుకెళ్లి అక్కడ ఆపకండి.

కాలమ్ కొన దిగే సాకెట్ 28 మి.మీ. కోను. దీన్ని లేత్ మీద మీరే తియ్యాలని చూడకండి. కోణం ఇంచుక తప్పినా కుర్చీ ఊగుతుంది, లేదా గ్యాస్ లిఫ్ట్ ఇక ఊడి రాదు. తయారు సాకెట్ కొని, జిగ్‌లో పెట్టి, ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలతో వెల్డ్ చెయ్యండి. గ్యాస్ లిఫ్ట్ బిగించి ఉండగా దాని దగ్గర ఎప్పుడూ వెల్డింగ్ చేయొద్దు. లోపల అధిక ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. వేడెక్కితే సిలిండర్ పేలే ప్రమాదం ఉంది.

ఆపే రబ్బర్లు, తాళం

స్ప్రింగు చుట్లు తగలడమే ఆపుడు కాకూడదు. నిటారు దగ్గర ఒకటి, 15 డిగ్రీల దగ్గర ఒకటి, రెండు చోట్లా రబ్బరు బంపర్లు పెట్టండి. వెనకది జతగా, పివట్‌కి వీలైనంత దూరంగా. దగ్గరగా పెడితే అదే బరువుకి రబ్బరు మీద పడే బలం పెరిగి తొందరగా చితికిపోతుంది.

15 దాటనివ్వొద్దని ఎందుకంటున్నానంటే రెండు కారణాలు. సీటు, వీపు ఒకే ముక్కగా వాలే ఈ రకంలో ముందు అంచు పివట్‌కి 250 మి.మీ. ముందుంటే 15 డిగ్రీలకి అది 65 మి.మీ. లేస్తుంది. తొడల కింద కోసుకుంటుంది, పొట్టివాళ్ల పాదాలు నేల వదిలేస్తాయి. రెండోది బోల్తా. అయిదు కాళ్ల బేసు 600 మి.మీ. వ్యాసమైతే పక్కపక్క చక్రాలని కలిపే గీత కాలమ్ మధ్య నుంచి 243 మి.మీ. దూరంలోనే ఉంటుంది, చక్రం తిరిగి లోపలికి వస్తే ఇంకా తక్కువ. పివట్ కాలమ్‌కి ముందుంది కాబట్టి, పైశరీరం బరువు కేంద్రం 15 డిగ్రీల దగ్గరే కాలమ్ మధ్య నుంచి 195 మి.మీ. వెనక్కి వచ్చేసింది. బరువైన మనిషి చేతులు తల వెనక పెట్టుకుని దబ్బున వాలితే మిగిలిన దూరం ఎంతో కాదు. 700 మి.మీ. బేసు వాడితే ఆ గీత 283కి వెళ్తుంది. పొడవాటి వీపు కుర్చీలకి అదే పెట్టండి.

తాళం పెడితే నిటారు దగ్గర మాత్రమే పెట్టండి. మధ్యలో ఏ కోణంలోనైనా ఆగే తాళం కావాలంటే వేరే జాగ్రత్త ఉంది. వెనక్కి వాల్చి తాళం వేసి లేచిపోయారనుకోండి, స్ప్రింగులో 118 న్యూటన్ మీటర్లు నిల్వ ఉంటుంది. తర్వాత ఎవరో వంగి లివరు లాగితే వీపు భాగం అర మీటరు ఎత్తులో 24 కిలోల బలంతో ముఖానికి తగులుతుంది. అందుకే మంచి మెకానిజాల్లో లివరు లాగినా, వీపుని కొంచెం వెనక్కి నెడితేగానీ తాళం విడవదు. ఆ ఏర్పాటు చెయ్యలేకపోతే బహుళ తాళం జోలికి పోకండి.

లావు సన్నం తేడా

నాబ్ బిగింపునే మారుస్తుంది, గట్టిదనాన్ని కాదని పైన చెప్పాను. దాని ఫలితం ఇది. పై స్ప్రింగుతో 110 కిలోల మనిషికి బిగింపు సరిచేసినా పూర్తిగా వాలేసరికి 18 న్యూటన్ మీటర్లు తక్కువ పడుతుంది, చివర్లో రబ్బరు మీదకి జారతాడు. లేవాలంటే పాదాలతో నేలని తన్నాలి. 50 కిలోల వారికి ఉల్టా, చివరికి 28 ఎక్కువవుతుంది. వాళ్లు నాబ్ కాస్త వదులు చేసుకుంటే ఏడెనిమిది డిగ్రీల దగ్గర హాయిగా నిలుస్తారు, పూర్తి వాలు మాత్రం రాదు. ఒక స్ప్రింగు, ఒక నాబ్ ఉన్న కుర్చీకి ఈ రాజీ తప్పదు.

తప్పించాలంటే నాబ్ బదులు స్ప్రింగునే పివట్ నుంచి దగ్గరికీ దూరానికీ జరిపే ఏర్పాటు చెయ్యాలి. ఇదే 31 స్ప్రింగుని 73 మి.మీ. దగ్గర పెడితే 50 కిలోల వారికి, 109 దగ్గర పెడితే 110 కిలోల వారికి గట్టిదనం సరిపోతుంది. బిగింపు కూడా 15.5 నుంచి 22.5 మి.మీ.కి మారితే చాలు, కాబట్టి జరిపే దారిని కొంచెం వాలుగా పెడితే రెండూ ఒకే కదలికలో అయిపోతాయి. కానీ ఖాళీ కుర్చీలో కూడా స్ప్రింగు బలంతో నొక్కి ఉన్నప్పుడే జరపాలి, అందుకు స్క్రూ, గైడు, రోలరు కావాలి. మొదటి మోడల్‌కి ఇది వద్దు. నా సలహా, ముందు 90 మి.మీ. దగ్గర స్థిరంగా పెట్టి ఒక మోడల్ బాగా కుదుర్చుకోండి.

పివట్‌ని మోకాళ్ల దగ్గరికి జరిపే మోకాలి టిల్ట్ (ఇంగ్లీషులో ‘నీ టిల్ట్’) గురించి కూడా అడగబోతారు. పాదాలు నేల మీదే ఉంటాయి, సుఖం ఎక్కువ. కానీ తుంటి పివట్‌కి 200 మి.మీ. వెనక్కి పోతుంది, నిటారులోనే లాగుడు 110 దాటుతుంది. స్ప్రింగు, పిన్ను, షీటు అన్నీ పెద్దవి కావాలి. వీపు ఎక్కువ, సీటు తక్కువ వాలే సింక్రో రకం షెడ్డులో వెల్డింగ్‌తో కుదిరే పని కాదు. దానికి డైలు కావాలి, అది కొనుక్కోవడమే మేలు.

ఉప్పుగాలి

రుషికొండ, బీచ్ రోడ్డు వైపు ఇచ్చే కుర్చీలకి ఇది చిన్న విషయం కాదు. తుప్పు గుంట పడిన చోటే స్ప్రింగు విరుగుతుంది. స్ప్రింగుకి మామూలు జింక్ ప్లేటింగ్ చేయించకండి. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, బరువు మీద ఉండగానే పెళుసుగా విరిగిపోతుంది. చేయించక తప్పకపోతే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు ఓవెన్‌లో 190 నుంచి 220 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచాలి, మామూలు ప్లేటింగ్ షాపులు ఇది చెయ్యవు. పౌడర్ కోటింగ్ మంచిది, దాని ఓవెన్ వేడి స్ప్రింగుకి హాని చెయ్యదు. అయితే బోల్టు దగ్గర స్ప్రింగు లోపలి వైపు కూడా పౌడరు పడిందో లేదో చూసుకోండి. బోల్టుకి ఒక ప్లాస్టిక్ గొట్టం తొడిగితే కోటింగ్ రాచుకోదు, కిర్రుమనే చప్పుడూ పోతుంది.

బిగించాక చూడాల్సినవి

ఖాళీ కుర్చీ, నాబ్‌ని 75 కిలోల గుర్తు దగ్గర పెట్టి, పివట్‌కి 500 మి.మీ. ఎత్తులో వీపుకి తాడు కట్టి, లగేజీ తూచే కొక్కెం తూకంతో అడ్డంగా వెనక్కి లాగండి. 10 లేదా 11 కిలోల దగ్గర కదలడం మొదలవ్వాలి, 15 డిగ్రీల దగ్గర 24 చూపించాలి. వాలిస్తూ ఒకసారి, వదులుతూ ఒకసారి చదవండి. రెండు రీడింగుల మధ్య మూడు కిలోల కంటే ఎక్కువ తేడా ఉంటే రాపిడి ఎక్కువ, బుష్ పట్టేసిందో, బోల్టు స్లాటుకి తగులుతోందో చూడండి. కొంచెం తేడా ఉండటం మంచిదే, మనిషి ఉన్నచోట నిలకడగా ఉంటాడు.

తర్వాత 50, 75, 100 కిలోల దగ్గరున్న ముగ్గుర్ని కూర్చోబెట్టండి. తేలిగ్గా మొదలై చివర్లో జారిపోతే గట్టిదనం తక్కువ, దూరం 5 మి.మీ. పెంచండి. మొదటే కదలకపోతే నాబ్ వదులు చెయ్యండి. మొదట కదలక, కదిలాక జారిపోతే రెండూ ఉన్నాయి, ఇప్పుడు మీకున్నది అదే. పొడవాటి మనిషికీ, అదే బరువున్న పొట్టి మనిషికీ కూడా తేడా కనిపిస్తుంది. బరువు కేంద్రం ఎత్తు మారింది కాబట్టి, అది మీ తప్పు కాదు.

పెద్ద ఆఫీసులకి, టెండర్లకి ఇవ్వాలంటే ఈ పరీక్షలు చాలవు. పని కుర్చీలకి ఐఎస్ 17631 అనే భారత ప్రమాణం ఉంది, చాలా కంపెనీలు బిఫ్మా ఎక్స్5.1 (అమెరికా ఆఫీసు ఫర్నిచర్ తయారీదారుల సంఘం ప్రమాణం) కూడా అడుగుతాయి. బిఫ్మాలో టిల్ట్‌ని 3 లక్షల సార్లు వాల్చి లేపుతారు. వెల్డు కొసలు, బోల్టు మొదటి మర, బుష్ తట్టుకోగలవో లేదో అక్కడ తెలుస్తుంది. ఒక పాత వైపర్ మోటారుకి క్రాంకు కట్టి, సీటు మీద ఇసుక బస్తాలు పెట్టి మీ షెడ్డులోనే నిమిషానికి పదిహేను సార్లు ఊపించవచ్చు. రోజుకి పది గంటలు నడిపితే నెలకి 2 లక్షల 70 వేలు అవుతుంది. అందులో నిలబడని దాన్ని ల్యాబుకి పంపి ఫీజు కట్టకండి. నెలకి ఇరవై ముప్పై కుర్చీలే అయితే మాత్రం ఇంత శ్రమ ఎందుకు, తయారు మెకానిజం కొని, వీపు, సీటు, కుట్టు పని మీద దృష్టి పెట్టండి. వంద దాటే ఆర్డర్లు వరసగా ఉంటేనే సొంత జిగ్గులు, స్ప్రింగు బ్యాచిలు గిట్టుబాటవుతాయి.

90 మి.మీ.కి జరిపాక పై తూకం రీడింగులు రెండూ, మీ సీటు మీద పివట్ నుంచి వీపు దాకా ఉన్న కొలత ఇక్కడే రాయండి. తుంటి 80 మి.మీ. అని నేను అనుకున్నది మీ కుర్చీలో 100 ఉంటే బిగింపు లెక్క 52 నుంచి 62కి మారుతుంది, నాబ్ గుర్తులు కూడా దాన్నిబట్టి జరపాలి.